గోడ చల్లగానే ఉంది

పల్నాడు ఎండని తిట్టనివాళ్ళు పల్నాడులో ఉండరు. వకుళ మాత్రం తిట్టి ఊరుకునే రకం కాదు, ఆ ఎండ మీద పగబట్టింది. రసాయనశాస్త్రంలో డాక్టరేట్ చేసి, పెద్ద ఊళ్ళలో వచ్చిన ఉద్యోగాలు కాదనుకుని, నరసరావుపేట బయట మూతపడిన ఒక మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో నడుస్తున్న చిన్న లాబొరేటరీలో చేరింది. ఆ గోదాముని ఎన్నిసార్లు కడిగినా మిరప ఘాటు మాత్రం వదల్లేదు. కొత్తగా వచ్చినవాళ్ళు మొదటి వారమంతా తుమ్ముతూనే పనిచేస్తారు. ఆ తుమ్ముల మధ్యే వకుళ తన పూతని తయారుచేసింది.

ఆ పూత ఏమిటో వాళ్ళమ్మ కోటేశ్వరమ్మకి ఒకసారి బూరెతో చెప్పింది. బూరెకి చిన్న చిల్లు పెట్టి, లోపలి పూర్ణమంతా చెంచాతో తోడుకుని తినేసి, ఖాళీ పెంకుని అరచేతిలో పెట్టి చూపించింది. థర్మకోల్ చేసే పదార్థంతో కంటికి కనపడనంత చిన్న ఉండలు చేస్తారట. వాటి మీద సిలికాని, అంటే ఇసుకలో ఉండేదాన్నే, పల్చగా పట్టిస్తారట. కొలిమిలో పెడితే లోపలి ఉండ ఆవిరై పోయి పైపెంకు మిగులుతుందట. అలాంటి బోలు పెంకులు కోట్లకి కోట్లు కలిపి గోడకి పూస్తే వేడి అటు నుంచి ఇటు రాలేదు.

కోటేశ్వరమ్మ ఆ పెంకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"పూర్ణం లేని బూరె ఎవడు తింటాడే?" అంది.

పూర్ణం లేకపోవడంలోనే ఉంది కిటుకంతా. మిగతా లాబొరేటరీల్లో చేసే పెంకుల్లో గాలి మిగిలిపోతుంది. వకుళ చేసిన పెంకులకి సన్నటి రంధ్రాలు ఉంటాయి. కొలిమిలో ఆఖరి ఆవిరి కూడా బయటికి పోయాక అవి వాటంతట అవే మూసుకుంటాయి. లోపల మిగిలేది వట్టి శూన్యం. శూన్యంలోంచి వేడి పాకిపోలేదు, శబ్దమూ పాకిపోలేదు. తాజాగా చేసిన బ్యాచ్‌లో ఇంకో విశేషం కూడా వచ్చింది. వేడి తగిలేకొద్దీ ఆ పెంకులు ఒకదానికొకటి అతుక్కుని మరింత బిగుస్తున్నాయి. వకుళ దాన్ని అదృష్టం అనుకుంది.

ఆ బ్యాచ్‌ని మొదట తన ఇంట్లోనే, నడిమి గదికి పూసింది. బజారు వెనక వీధిలో వాళ్ళది అటూ ఇటూ పక్కిళ్ళ గోడలు ఆనుకున్న ఇల్లు. బయటివైపు పూయడానికి సందు లేక లోపలివైపే పూసింది. నాలుగు గోడలూ, పైకప్పూ, తలుపు లోపలి చెక్కా ఒక్క వేలెడు జాగా వదలకుండా. సందులోకి ఉన్న ఒక్క కిటికీకి పూత పూసిన చెక్క పెట్టి మరలు బిగించింది. లోపలి వేడిని గంటగంటకీ నమోదు చేసే చిన్న బ్యాటరీ రికార్డరు ఒకటి గోడకి తగిలించింది. పొద్దున కాసేపు ఏసీ వేసి కట్టేస్తే చాలు, సాయంత్రం దాకా గది చల్లగా ఉండేది. మే నెల మధ్యాహ్నాల్లో ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఏదో ఒక వంక పెట్టుకుని వచ్చి ఆ గదిలో కూర్చుని, గోడకి చెంప ఆనించి, వకుళ చేతులు చల్లగుండ అని దీవించి పోయేవాళ్ళు.

ఇక్కడే అందరూ పొరబడ్డారు. ఆ గోడ చల్లదనాన్ని ఇచ్చేది కాదు. లోపల ఏముంటే దాన్ని బయటికి పోనివ్వదు, అంతే. ఈ సంగతి వకుళకి తెలియదా అంటే, అందరికంటే బాగా తెలుసు. కానీ పగటిపూట లాబొరేటరీలో తెలిసి ఉండటం వేరు, ఇంట్లో అమ్మతో గొడవపడేటప్పుడు గుర్తుండటం వేరు.

గొడవ హైమ గురించి. హైమ వకుళకి చెల్లెలు, తొలికాన్పుకి పుట్టింటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. భర్త ఒంగోలులో లెక్చరరు, ఆదివారాలు వచ్చి చూసిపోతున్నాడు. ఇంట్లో అన్నింటికంటే చల్లటి గది బాలింతకి ఇద్దామని వకుళే ముచ్చటపడి నడిమి గది ఖాళీ చేయించింది. కోటేశ్వరమ్మ సంతోషంగా ఒప్పుకుంది. అయితే ఆవిడ ఒప్పుకున్న కారణం వేరు. ఆ గదిలోకి గాలి రాదు.

బాలింతకి గాలి తగలకూడదన్నది ఆవిడ మొదటి సూత్రం. చెవుల్లో దూది, తలకి గుడ్డ, కంచంలో వెల్లుల్లి కారం, మంచం కింద కుంపటి. ఏసీ మాటెత్తితే సన్నిపాతం వస్తుందని కళ్ళు పెద్దవి చేసేది. ఫోను చూస్తే కళ్ళు పోతాయని హైమ ఫోను తీసుకుని బియ్యం డబ్బా మీద పెట్టింది. వకుళ మిగతావన్నీ సహించింది గానీ కుంపటి దగ్గర మాత్రం పట్టుబట్టింది. మూసిన గదిలో బొగ్గులు పెడితే ప్రాణాలకే ముప్పని అరిచి చెప్పింది. తల్లి సరేనంది. ఆ సరే ఎంత తేలిగ్గా వచ్చిందో అప్పుడైనా అనుమానించాల్సింది.

పురిటి స్నానం అయిన రోజు వకుళ పెందలాడే లాబొరేటరీకి వెళ్ళిపోయింది. కోటేశ్వరమ్మ ఇద్దరికీ నలుగు పెట్టి, కాగు నిండా వేణ్ణీళ్ళు పోసి, పసిదాన్ని సాంబ్రాణి పొగ మీద ఆడించి పడుకోబెట్టింది. వేడినీళ్ళ మత్తులో హైమకి కళ్ళు మూతలు పడుతున్నాయి. కూతురు ఒళ్ళు గట్టిపడాలి కదా, ఒక్క గంట కాపు పెడితే ఏమవుతుందని కుంపట్లో నాలుగు బొగ్గులు ఎక్కువే వేసి మంచం కిందకి తోసింది. తలుపు కింద సందులో పాత చీర కుక్కింది. వీధిలో పిల్లలు కాళ్ళైనా కడుక్కోకుండా పాపాయిని చూస్తామని దూరిపోతున్నారని బయట గొళ్ళెం పెట్టింది. అంతలో కరెంటు పోయింది. పక్కన జిరాక్స్ షాపువాడు జనరేటర్ వేశాడు. ఆ మోతలో ఆవిడ వెల్లుల్లిపాయలు ముందేసుకుని, చల్లగా ఉంటుందని అదే తలుపుకి వీపు ఆనించి కూర్చుంది.

లాబొరేటరీలో ఆ రోజు పండగ వాతావరణం. అపార్ట్‌మెంట్లు కట్టే ఇద్దరు బిల్డర్లు గుంటూరు నుంచి వచ్చారు. డైరెక్టరు పరంధామయ్య గారు వాళ్ళకి బల్లమీది చెక్కపెట్టెని చూపిస్తున్నారు. లోపలంతా వకుళ పూత పూసిన పెట్టె. దానిలో పొద్దున్నించీ ఒక మామూలు బల్బు వెలుగుతోంది. బిల్డర్లు పెట్టె మీద చెయ్యి పెట్టి చూసి, ఫ్రిజ్ తలుపులా ఉందే అని ఆశ్చర్యపోయారు. ఇలాంటి గోడలున్న ఇంట్లో కరెంటు బిల్లు ఎంత తగ్గుతుందో పరంధామయ్య గారు వివరిస్తున్నారు. ఆయన గొంతు మంచిది, ఏది చెప్పినా శుభవార్తలా ఉంటుంది.

పరికరాలు చూసే సుభానీ మెల్లిగా వచ్చి వకుళ పక్కన నిలబడ్డాడు. మీటరు ఆగడం లేదు మేడం, అన్నాడు గొంతు తగ్గించి.

ఆగాలి. ఏ పెట్టెలోనైనా బల్బు వేడి కొంతదాకా పెరిగి, లోపల పుట్టేదీ బయటికి పోయేదీ సమానమైన చోట నిలబడిపోతుంది. పాత బ్యాచ్‌లన్నీ అలాగే నిలబడ్డాయి. ఇది నిలబడలేదు. వేడి పెరిగేకొద్దీ పూత బిగుస్తోంది, పూత బిగిసేకొద్దీ వేడి పెరుగుతోంది. వకుళ అంకెలు చూసేలోపే పెట్టెలో ఠప్పుమని బల్బు పేలింది. సుభానీ మూత తెరిచాడు. కొలిమి మూత తీసినట్టు వేడి మొహానికి కొట్టింది. బల్బు హోల్డరు కరిగి జారిపోయి ఉంది, తీగల మీది ప్లాస్టిక్ నల్లగా పెట్టె అడుగుకి అంటుకుంది. ఇదంతా ప్రదర్శనలో భాగమనుకుని బిల్డర్లు చప్పట్లు కొట్టారు.

వకుళ మళ్ళీ పెట్టె బయటివైపు చెయ్యి పెట్టింది. చల్లగానే ఉంది.

మనిషి ఒళ్ళు కూడా ఒక బల్బే. ఊరికే పడుకుని ఉన్నా ఇంచుమించు అంత వేడి వదులుతూనే ఉంటుంది. తన ఇంట్లో ఇదే బ్యాచ్‌తో ఇంతకంటే మందంగా పూసిన గదిలో చెల్లెలూ, పసిగుడ్డూ ఉన్నారు. మరీ ఉక్కపోస్తే హైమే ఏసీ వేసుకుంటుంది కదా అని సర్దిచెప్పుకోబోయింది. అప్పుడు వినపడింది, ఇంతసేపూ చెవిన పడుతున్నా పట్టించుకోని లాబొరేటరీ జనరేటర్ మోత. కరెంటు లేదు.

ఇంటికి చేసిన ఫోను రెండుసార్లు మోగి ఆగిపోయాక మూడోసారికి కోటేశ్వరమ్మ ఎత్తింది.

"అమ్మా, హైమ ఏం చేస్తోంది?"

"పడుకుందే. తల్లీ బిడ్డా హాయిగా పడుకున్నారు. చంటిది కిక్కురుమనలా ఇప్పటిదాకా."

పాల కోసం గంటకోసారి ఇల్లెగిరిపోయేలా ఏడ్చే పిల్ల.

"తలుపు తియ్యి."

"ఇప్పుడేనా? చెమట మీదున్నప్పుడు గాలి తగిలిద్దే."

"అమ్మా, తలుపు తియ్యమంటున్నా."

"ఎందుకే అట్టా కంగారుపడతావు? నేను తలుపుకే ఆనుకోని ఉన్నా. మంచులాగుంది, చల్లగా."

"లోపల కుంపటి పెట్టావా?"

అటునుంచి జనరేటర్ డబడబలు మాత్రమే వినపడ్డాయి. తర్వాత గొళ్ళెం తీసిన చప్పుడు, ఫోను కింద పడిన చప్పుడు, తల్లి గొంతు లాంటిదే గానీ తల్లి గొంతు కానిదేదో ఒక కేక. ఫోను ఆగిపోయింది. మళ్ళీ చేస్తే ఎవరూ ఎత్తలేదు.

సుభానీ బండి తీశాడు. వకుళ వెనక కూర్చుంది. పరంధామయ్య గారు గుమ్మంలోకి వచ్చి భోజనాల టైముకైనా వచ్చేస్తారా అని అడగడం, బిల్డర్లు వాచీలు చూసుకోవడం ఆమె చూసింది గానీ ఏదీ బుర్రకెక్కలేదు. దారంతా వడగాలి మొహాన కొడుతోంది. మామూలుగా అయితే ఆ గాలిని శాపనార్థాలు పెట్టేది. ఇవాళ మాత్రం ఆ గాలి కాస్త తన ఇంట్లోకి, ఆ గదిలోకి వెళ్తే బాగుండునని దండం పెట్టుకుంది. ఇంత భయం ఆమె ఎన్నడూ ఎరగదు. ఆ భయంలోనూ బుర్ర దాని పని అది చేసుకుపోతోంది. గది కొలతలు ఇంత, బొగ్గులు ఇన్ని, ఇద్దరి ఒంటి వేడి ఇంత, గంటకి ఇంత పెరుగుతుంది అని. ఆ లెక్క ఆపమని తనని తను బతిమాలుకుంది. అది ఆగలేదు. పసిపిల్లకి ఎంత వేడి దాటితే ప్రమాదమో ఆమెకి తెలియదు, తెలియకపోవడమే ఆ దారిలో దొరికిన ఒక్క ఓదార్పు.

వీధి మొదట్లోనే జనం కనపడ్డారు. కుంపటి రోడ్డు మీద బోర్లాపడి ఉంది. హైమని నడవలో గచ్చు మీద పడుకోబెట్టి ఇద్దరాడవాళ్ళు తడిగుడ్డలతో ఒళ్ళు తుడుస్తున్నారు. మొహం కందిపోయి, పెదవులు పగిలిపోయి ఉన్నాయి, ఊపిరి ఆడుతోంది. కుడిచేతి గోళ్ళు విరిగి వేళ్ళ కొనలు నెత్తురుతో తడిసి ఉన్నాయి. పాప జిరాక్స్ షాపువాడి భార్య చేతుల్లో ఉంది. ఎర్రగా, వేలాడిపోతూ, పిట్టలాగా గబగబా ఊపిరి తీస్తోంది. కళ్ళు సగం తెరిచే ఉన్నాయి. ఏడవడం లేదు.

సుభానీ ఆటో కోసం పరుగెత్తాడు. పాప బట్టలు తెమ్మని ఎవరో అన్నారు. వకుళ గదిలోకి అడుగుపెట్టింది. తలుపు తీసి అంతసేపయినా ఆవిరికుండలో దూరినట్టుంది. బట్టలు లాక్కుని బయటికి వచ్చేటప్పుడు నిలదొక్కుకోవడానికి నడవవైపు గోడ మీద చెయ్యి వేసింది. గోడ చల్లగా తగిలింది. అవతల అంత మంట పెట్టుకుని ఇవతలికి వెచ్చదనమైనా రానివ్వలేదు. ఎంత బాగా పనిచేసింది!

ఆ మాట ఆమె లోపలే పుట్టింది. రెప్పపాటు కాలం ఉండి పోయింది. ఆ రెప్పపాటులో ఆమెకి సంతోషం కూడా కలిగింది. తన చెయ్యి తనదేనా అన్నట్టు చూసుకుంది. అప్పటిదాకా గదిని చూసి భయపడింది, ఆ తర్వాత తనను చూసుకుని భయపడింది.

ఆసుపత్రిలో పాపని ఒక తలుపులోంచి, హైమని ఇంకో తలుపులోంచి లోపలికి తీసుకెళ్ళారు. బయట బెంచీ మీద తల్లీ కూతురూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కూర్చున్నారు. పెట్టొద్దన్నానా అని వకుళ అడగలేదు. ఇట్టాంటి గోడ కట్టింది ఎవరని కోటేశ్వరమ్మ అడగలేదు. అడిగి ఉంటే ఇద్దరికీ కాస్త తేలికయ్యేది. నర్సు తలుపు తీసినప్పుడల్లా ఇద్దరూ లేచి నిలబడేవాళ్ళు, ఆమె వేరే ఎవరినో పిలిచేది, ఇద్దరూ కూర్చునేవాళ్ళు.

సాయంత్రానికి డాక్టరు వచ్చి గండం గడిచినట్టే అన్నాడు. పాపకి ఒంట్లో నీరు బాగా పోయిందని, ఇంకో రెండు రోజులు చూడాలని, బొగ్గుల పొగ తల్లికి ఎక్కువ పట్టిందని, ఆక్సిజన్ పెట్టామని చెప్పాడు. ఒక్క సంగతి ఆయనకీ అర్థం కాలేదు. అంత వేడిలో, అంత పొగలో తల్లి కంటే పసిబిడ్డ మెరుగ్గా ఎలా ఉందో ఆశ్చర్యంగా ఉందన్నాడు.

మర్నాడు పరంధామయ్య గారు యాపిల్స్ పట్టుకుని వచ్చారు. చాలా బాధపడ్డారు, ఆ బాధ నిజమైనదే. తర్వాత వకుళని వరండా చివరకి తీసుకెళ్ళి, జరిగింది పూత తప్పు కాదని, వాడకంలో తప్పని, కంగారులో ఎవరి దగ్గరా నోరు జారవద్దని చెప్పారు. గదిలో బ్యాటరీతో నడిచే రికార్డరు ఉండి ఉంటుంది కదా, లోపల వేడి ఎంతదాకా చేరిందో ఆ అంకెలు ఒక్కసారి పంపమన్నారు. మనుషులున్న గదిలో ఇలాంటి కొలత ప్రపంచంలో ఎవరి దగ్గరా ఉండదన్నారు. ఆ మాట అన్నాక తనే కాస్త సిగ్గుపడి కళ్ళు దించుకున్నారు.

వకుళకి కోపం రావాలి, రాలేదు. నిన్న గోడ మీద చెయ్యి వేసినప్పుడు తన లోపల పుట్టిన మాటే ఇప్పుడు ఈయన నోట వినపడింది. అంకెలు ఇస్తానని చెప్పింది.

"ఇస్తాను సార్. ఈ పూతని మనుషులుండే ఏ గోడకీ పూయకూడదని వాటి కిందే రాసి, పేపర్లో వేయిస్తాను."

ఆయన ఇంకేదో అనబోయారు. వకుళ అప్పటికే వార్డులోకి నడిచింది.

హైమకి ఆక్సిజన్ తీసేశారు. పాపని తెచ్చి పక్కలో పడుకోబెట్టారు. కోటేశ్వరమ్మ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని కూతురి కట్లు కట్టిన వేళ్ళ వైపు చూస్తోంది. గోళ్ళు ఎందుకు విరిగాయో అడిగే ధైర్యం ఆవిడకి లేదు. హైమ తనంతట తనే చెప్పింది, గొంతు బొంగురుపోయి, ఆగి ఆగి. మెలకువ వచ్చేసరికి ఒళ్ళు కాలిపోతోందట. తలుపు బాదిందట, పిలిచిందట, అరిచిందట. గోడలు ఆ అరుపుని మింగేశాయి. కుంపటి మీద చెంబులో నీళ్ళు పోస్తే పొగ ఇంకా లేచిందట. అప్పుడు కింద పడుకుని తలుపు సందులో కుక్కిన చీరని గోళ్ళతో పీకడం మొదలుపెట్టింది. రెండు వేళ్ళంత ఖాళీ వచ్చేసరికి గొంతు పోయింది, చేతులు లేవడం మానేశాయి. ఆ ఖాళీకి పాప ముక్కు ఆనించి పడుకోబెట్టింది.

"ఆ సందులోంచి నీ చీర కనపడతానే ఉందమ్మా," అంది హైమ. "పచ్చంచు చీర. పిలుద్దామంటే మాట రాలా. అందుకుందామంటే వేలు అందలా."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. నిష్ఠూరం ఉంటే కోటేశ్వరమ్మ ఏడ్చి ఉండేది. ఆవిడ కూతురి కట్లు కట్టిన చెయ్యిని తన ఒళ్ళోకి తీసుకుంది. గంటకు పైగా కూతురికి చెక్కంత దూరంలో కూర్చుని వెల్లుల్లిపాయలు వలిచింది, ఆ కూతురి కోసమే.

అప్పుడే పాప లేచింది. మొదట చిన్నగా మూలిగి, తర్వాత గుక్కపట్టి, వార్డు దద్దరిల్లేలా ఏడుపు అందుకుంది. నిన్నటి నుంచీ ఆ పిల్ల ఏడవడం అదే మొదటిసారి. అవతలి మంచాల మీద నుంచి ఎవరో విసుక్కున్నారు. నర్సు గబగబా వచ్చి, పక్క వార్డులో ఆపరేషన్ అయినవాళ్ళు ఉన్నారని, తలుపు వేసేస్తానని రెక్క పట్టుకుంది.

కోటేశ్వరమ్మ లేచి వెళ్ళి గుమ్మంలో నిలబడింది. జీవితమంతా గాలి రాకుండా తలుపులు మూసిన మనిషి, ఒక చెయ్యి రెక్క మీద వేసి గట్టిగా పట్టుకుంది.

"ముయ్యబాకమ్మా," అంది నర్సుతో. "దాన్ని ఏడవనియ్యి. నాకు వినపడాల."

నర్సు ఆవిడ మొహం చూసి రెక్క వదిలేసింది. వకుళ వెళ్ళి తల్లి పక్కన నిలబడింది. పాప ఏడుస్తూనే ఉంది, ముగ్గురాడవాళ్ళూ ఊరుకోబెట్టకుండా వింటూ ఉన్నారు.